హెచ్‌ఐవీ మందులు, ఇమ్యూనిటీ మందులు: ఏ సైడ్ ఎఫెక్ట్ ఎక్కడ పుడుతుంది, ఎప్పుడు బయటపడుతుంది

డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉన్న మాత్ర మొదలుపెట్టిన నెలకు రక్తపరీక్ష చేయిస్తే రిపోర్టులో ఒక అంకె కొంచెం కదిలి కనిపిస్తుంది. కండరాల్లో పుట్టి మూత్రంలో పోయే వ్యర్థం క్రియాటినిన్. అంతకుముందు 0.9 ఉన్నది 1.1 దగ్గర ఉంటుంది. క్రియాటినిన్ పెరిగితే కిడ్నీ దెబ్బతిన్నట్టేనని విన్నవాళ్లకు ఆ కాగితం చూడగానే టెన్షన్ పట్టుకుంటుంది. నిజానికి అక్కడ కిడ్నీ పనిలో ఏ లోటూ రాలేదు. రక్తంలోని క్రియాటినిన్ చాలావరకు వడపోతలోనే పోతుంది. కొద్ది భాగాన్ని మాత్రం కిడ్నీ గొట్టాల్లోని కణాలు విడిగా బయటికి నెడతాయి. డోలుటెగ్రావిర్ ఆ రెండో దారిని మూస్తుంది. వడపోత ఎప్పటిలాగే సాగుతుంది, నెట్టాల్సిన ఆ కాస్త క్రియాటినిన్ రక్తంలో మిగిలిపోతుంది. మొదటి నాలుగు వారాల్లో పెరిగిన అంకె తర్వాత అక్కడే ఆగిపోతుంది.

అయితే అదే మాత్రలో చాలాసార్లు టెనోఫోవిర్ కూడా ఉంటుంది. దానికి మాత్రం కిడ్నీ గొట్టాలను నిజంగానే దెబ్బతీసే గుణం ఉంది. ఆ దెబ్బ పడినప్పుడు క్రియాటినిన్ ఆగకుండా పెరుగుతూ పోతుంది. మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తుంది, రక్తంలో షుగర్ మామూలుగానే ఉన్నా మూత్రంలో షుగర్ పడుతుంది, రక్తంలో ఫాస్ఫేట్ తగ్గుతుంది. అంటే కిడ్నీ పాడైనట్టు కనిపించేలా చేసే మందు, నిజంగా పాడుచేయగల మందు ఒకే బిళ్లలో పక్కపక్కనే ఉంటాయి. ఒక్క రిపోర్టు చూసి ఈ రెండిటిలో ఏది జరుగుతోందో చెప్పలేం. మూడు నెలల తర్వాత వచ్చే రిపోర్టు, దానితోపాటు చేసే మూత్రపరీక్ష చెబుతాయి.

అటాజనావిర్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందు వాడేవాళ్లలో కొందరికి కళ్లు పచ్చబడతాయి. చూసినవాళ్లు కామెర్లనే అనుకుంటారు. బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని ఒంట్లోంచి వదిలించే ఒక ఎంజైమును ఈ మందు నెమ్మదింపజేయడం వల్ల వచ్చే పసుపు అది. లివర్ కణాలకు ఏమీ కాదు. నెవిరాపిన్ అనే మరో హెచ్‌ఐవీ మందు మొదలుపెట్టిన నెలలోపు కళ్లు పచ్చబడితే మాత్రం అది అసలు లివర్ దెబ్బ, ప్రాణం మీదికి తెచ్చేది. రంగు రెండు చోట్లా ఒకటే.

మందు డబ్బాలో మడిచి పెట్టే సన్న అక్షరాల కాగితం ఈ తేడా చెప్పదు. వికారం నుంచి లివర్ ఫెయిల్యూర్ దాకా అన్నిటినీ ఒకే గుక్కలో చదివిస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత గుర్తొచ్చి భయపడటం తప్ప అది చదివి తెలుసుకునేది తక్కువ. ఏ సైడ్ ఎఫెక్టుకైనా పుట్టే చోటొకటి, బయటపడే వేళొకటి ఉంటాయి. మందు ఎక్కడ పనిచేస్తుంది, ఏ అవయవం గుండా బయటికి పోతుంది, దారిలో ఇంకే మందుకు అడ్డం పడుతుంది అన్నవి తెలిస్తే దేన్ని భరించవచ్చో, దేనికి ఆ రాత్రే ఆస్పత్రికి పరుగెత్తాలో చాలావరకు తేలిపోతుంది.

రెండు ఎదురుబొదురు పనులు

హెచ్‌ఐవీ మందులను, ఇమ్యూనిటీ గాడి తప్పిన జబ్బుల మందులను కలిపి ‘ఇమ్యూనిటీ మందులు’ అనడం వాడుకలో ఉంది కానీ ఇవి చేసే పనులు ఒకదానికొకటి ఎదురు. హెచ్‌ఐవీ మందు ఇమ్యూనిటీని ముట్టుకోదు. వైరస్ తన నకళ్లు తీసుకోకుండా అడ్డుపడుతుంది. వైరస్ ఆగాక, అది నాశనం చేసే రక్షణ కణాలైన సీడీ4 కణాలు వాటంతట అవే పెరుగుతాయి. కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్ లాంటి జబ్బుల్లో కథ తిరగబడుతుంది. అక్కడ శరీరం తన మీద తానే కత్తి దూస్తుంది కాబట్టి ఇమ్యూనిటీని తగ్గించడమే వైద్యం.

అందుకే సైడ్ ఎఫెక్టుల తీరు కూడా వేరు. హెచ్‌ఐవీ మందు చేసే నష్టంలో ఎక్కువ భాగం గురి తప్పిన దెబ్బ. వైరస్‌కు వేసిన ఉచ్చులో కిడ్నీయో ఎముకో కాలు పెడుతుంది. కాబట్టి గురి మెరుగైన కొత్త మందు వస్తే నష్టం తగ్గుతుంది, గడచిన ముప్పై ఏళ్లలో జరిగింది అదే. ఇమ్యూనిటీని తగ్గించే మందుల్లో మాత్రం మేలూ కీడూ ఒకే చోటు నుంచి వస్తాయి. ఎంత గురిపెట్టి కొట్టినా, కొట్టేది ఇన్‌ఫెక్షన్ల నుంచి కాపాడే వ్యవస్థనే.

ఇమ్యూనిటీ కణాలు విడుదల చేసే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు దీనికి మంచి ఉదాహరణ. వాటిలో ఒకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ 1998లో వాడుకలోకి వచ్చింది. ఏళ్ల తరబడి వేళ్లు వంగిపోయి, పొద్దున లేవడమే గండంగా ఉన్నవాళ్లు వారాల్లో తేరుకున్నారు. 2001లో వెలువడిన ఒక వైద్యపత్రం, ఈ మందు తీసుకున్నవారిలో 70 మందికి టీబీ వచ్చినట్టు లెక్క చూపింది. వారిలో సగానికి పైగా జనంలో టీబీ ఊపిరితిత్తుల బయట ఉంది. చాలామందికి మందు మొదలుపెట్టిన మూడు నెలల లోపలే వచ్చింది. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఎప్పుడో లోపలికి చేరి నిద్రపోతున్న టీబీ క్రిమి చుట్టూ శరీరం కణాలతో గోడ కట్టుకుంటుంది. ఆ గోడ ఇటుకలు ఊడకుండా పట్టి ఉంచేది టీఎన్‌ఎఫ్. కీళ్లలో మంటపెట్టేదీ అదే. మందు ఆ పదార్థాన్ని పట్టుకోగానే కీళ్ల మంట ఆరుతుంది, టీబీ గోడ కూలుతుంది. ఇప్పుడు ఈ ఇంజెక్షన్లకు ముందు ఛాతీ ఎక్స్‌రే, దాగిన టీబీ పరీక్ష తప్పనిసరిగా చేయిస్తున్నారంటే దాని వెనక ఉన్న కథ ఇది.

హెచ్‌ఐవీలో ఇందుకు అద్దంలో బొమ్మలాంటి స్థితి ఒకటుంది. సీడీ4 బాగా పడిపోయాక మందు మొదలుపెట్టిన కొందరికి మొదటి కొన్ని వారాల్లో జ్వరం, గడ్డల వాపు, అప్పటిదాకా సద్దుమణిగి ఉన్న టీబీ ఒక్కసారిగా రేగడం కనిపిస్తాయి. మందు పడలేదని అనుకుంటారు. మందు పడటం వల్లే అది వస్తుంది. అప్పటిదాకా శత్రువును చూసే ఓపిక కూడా లేని రక్షణ వ్యవస్థ లేచి నిలబడి, లోపల ఉన్న క్రిముల మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. వైద్యులు దీన్ని ఐరిస్ అంటారు. చాలాసార్లు హెచ్‌ఐవీ మందు ఆపకుండానే, కొన్నాళ్లు స్టెరాయిడ్ ఇచ్చి ఈ గండం గట్టెక్కిస్తారు. మెదడు పొరల టీబీ, క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఉన్నవాళ్లకు హెచ్‌ఐవీ మందును కొన్ని వారాలు ఆగి మొదలుపెట్టేది ఈ భయంతోనే.

పాత మందుల నీడ

హెచ్‌ఐవీ మందులంటే మనుషులు ఎండుకుపోతారని, బుగ్గలు లోపలికి పోతాయని ఇంకా చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. మొదటి మందు ఏజెడ్‌టీని 1964లో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సర్ కోసం తయారుచేశాడు. క్యాన్సర్ మీద పనిచేయక మూలన పడింది. 1987లో ఎయిడ్స్ మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది. మొదట్లో నాలుగు గంటలకోసారి, రాత్రి నిద్రలేచి మరీ వేసుకోవాలి. రోజుకు 1500 మిల్లీగ్రాముల దాకా ఇచ్చేవారు. ఎర్రరక్తకణాలు పడిపోయి చాలామందికి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. తర్వాత తేలిందేమిటంటే 600 మిల్లీగ్రాములు సరిపోతాయని. చెడ్డపేరులో మందు పాలెంతో మోతాదు పాలూ అంతే.

ఆ తర్వాత వచ్చిన స్టావుడిన్ చౌక మందు, తొందరగా గుణం చూపేది. కానీ ముఖంలో, చేతుల్లో, కాళ్లలో కొవ్వు కరిగిపోయేది. బుగ్గలు పీక్కుపోయేవి. అరికాళ్లు మంటలెత్తి దుప్పటి తగిలినా ఓర్చుకోలేని తిమ్మిర్లు వచ్చేవి. కొందరిలో రక్తంలో లాక్టిక్ యాసిడ్ పేరుకుని ప్రాణం పోయేది. ఇదంతా ఒకే మూలం నుంచి వచ్చింది. వైరస్ తన జన్యుపదార్థాన్ని నకలు తీసుకునేటప్పుడు ఈ మందులు నకిలీ ఇటుకలా మధ్యలో దూరి గోడ ఆపేస్తాయి. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు కూడా సొంత జన్యుపదార్థం ఉంది, దాన్ని నకలు తీసే ఎంజైము కూడా ఈ నకిలీ ఇటుకకు మోసపోతుంది. శక్తి కరవై నరం, కొవ్వు కణం, లివర్ దెబ్బతింటాయి. నరాలకు పట్టిన ఈ చీడ మందు ఆపినా అందరికీ పూర్తిగా పోలేదు.

నొప్పి ఒక్కటే దీని నష్టం కాదు. జబ్బు ఇంట్లోవాళ్లకు కూడా తెలియకూడదని దాచుకున్నవాళ్ల ముఖమే జబ్బును చాటింపు వేసింది. పీక్కుపోయిన బుగ్గలు చూస్తే చాలు, తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకునేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో స్టావుడిన్‌ను దశలవారీగా మానుకోవాలని చెప్పింది. ఇప్పుడు వాడే టెనోఫోవిర్, లామివుడిన్ ఆ మైటోకాండ్రియా ఎంజైమును పెద్దగా మోసం చేయవు. భయం మాత్రం పాత మందుది, అంటుకున్నది కొత్త మందుకు.

మొదటి ఆరు వారాలు

వికారం, తలనొప్పి, నిద్ర చెదరడం, కడుపులో గడబిడ లాంటివి మొదటి రోజుల్లో వచ్చి రెండుమూడు వారాల్లో తగ్గేవి. ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవాళ్లకు వచ్చే కలలు ఈ కోవలోనివే, కాకపోతే చాలా వింతగా ఉంటాయి. మెలకువ వచ్చాక కూడా నిజమో కలో తేల్చుకోలేనంత స్పష్టమైన రంగుల కలలు, లేచి నిలబడితే తూలడం. కొవ్వు ఎక్కువున్న భోజనంతో వేసుకుంటే ఆ మందు రక్తంలోకి ఇంకా ఎక్కువ చేరుతుంది. అందుకే పరగడుపున, పడుకునే ముందు వేసుకోమంటారు. దిగులు, బతకాలనిపించకపోవడం మాత్రం ఓర్చుకోవాల్సినవి కావు. అవి వస్తే మందు మార్చాలి. ఇప్పుడు చాలాచోట్ల ఎఫావిరెంజ్ స్థానంలోకి డోలుటెగ్రావిర్ వచ్చేసింది.

ఇదే ఆరు వారాల్లో అసలు ప్రమాదాలూ దాగి ఉంటాయి. అబాకావిర్ అనే మందు ముందస్తు పరీక్ష లేకుండా ఇస్తే నూటికి ఐదు నుంచి ఎనిమిది మందికి పడదు. జ్వరం, దద్దుర్లు, వాంతులు, దగ్గు, ఒళ్లునొప్పులు వస్తాయి. చూస్తే ఫ్లూలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే ఒక్కో మాత్ర వేసుకున్నకొద్దీ ఇవి ముదురుతాయి. ఆపగానే తగ్గిపోతాయి. తగ్గింది కదా అని మళ్లీ ఒక్క మాత్ర వేసుకుంటే గంటల్లో బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. హెచ్‌ఎల్‌ఏ-బి 5701 అనే జన్యు గుర్తు ఉన్నవారిలోనే ఇది వస్తుందని తేలాక, 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం పరీక్ష చేసి ఇస్తే ఈ ప్రమాదాన్ని దాదాపుగా లేకుండా చేయవచ్చని నిరూపించింది. జన్యుపరీక్ష చూసి మందు ఇవ్వడమనే మాట వైద్యంలో నిజంగా ఆచరణకు వచ్చిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

నెవిరాపిన్ కథ ఇంకా విచిత్రం. బలహీనంగా ఉన్నవాళ్లకు మందు పడదనుకుంటాం. ఇక్కడ సీడీ4 ఎక్కువగా ఉన్నవాళ్లకే, ఆడవాళ్లలో 250 దాటితే, మగవాళ్లలో 400 దాటితే, లివర్ దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. దెబ్బ కొట్టేది మందు కాదు, మందును చూసి రెచ్చిపోయే ఇమ్యూనిటీ. అది ఎంత బలంగా ఉంటే దెబ్బ అంత గట్టిగా పడుతుంది. మొదటి రెండు వారాలు సగం మోతాదు ఇచ్చి శరీరానికి అలవాటు చేసేది అందుకే. దద్దుర్లతోపాటు జ్వరం వచ్చినా, నోట్లో పుండ్లు లేచినా, కళ్లు ఎర్రబడినా ఇక రేపటిదాకా ఆగకూడదు.

ఇమ్యూనిటీని తగ్గించే మందుల్లో అజాథయోప్రిన్‌కు ఇలాంటి జన్యు లెక్కే ఉంది. ఈ మందును విరిచేసే టీపీఎంటీ అనే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే ఉండదు. ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువులో తేడా తూర్పు ఆసియావారిలో ఎక్కువ. అలాంటివారికి మామూలు మోతాదు ఇచ్చినా వారాల్లో తెల్లరక్తకణాలు అడుగంటుతాయి. పరీక్ష అందుబాటులో లేనిచోట తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, మొదటి నెలలో వారంవారం రక్తం చూడటమే దారి.

ఒక తప్పుడు అలారం

2018లో డోలుటెగ్రావిర్‌కు పెద్ద దెబ్బ తగిలింది. బోట్స్వానాలో ప్రసవాలను నమోదుచేస్తున్న త్సెపామో అధ్యయనంలో, గర్భం దాల్చే నాటికే ఈ మందు వాడుతున్న 426 మందిలో నలుగురి బిడ్డలకు వెన్నుపాము, మెదడు సరిగా ఏర్పడని లోపం కనిపించింది. నూటికి ఒకటి కంటే కాస్త తక్కువ. మిగతావారిలో వెయ్యికి ఒకటి దగ్గర ఉండే లోపం అది. హెచ్చరికలు వెలువడ్డాయి. చాలా దేశాల్లో ఆడవాళ్లకు ఈ మందు ఇవ్వడం ఆపి, మగవాళ్లకు మాత్రం ఇచ్చారు. అంటే మెరుగైన మందు మగవాళ్లకు, కలలు తెప్పించే పాత ఎఫావిరెంజ్ ఆడవాళ్లకు.

అధ్యయనం ఆగలేదు. ప్రసవాల లెక్క వేలల్లోకి వెళ్లేసరికి ఆ శాతం దిగుతూ వచ్చి మిగతావారితో సమానమైంది. ఆ శాతం ఇంకా దిగుతుండగానే, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆడవాళ్లతో సహా అందరికీ ఇదే మొదటి మందుగా సూచించింది. హెచ్చరించడం తప్పు కాదు, నలుగురు బిడ్డల సంగతి తెలిసి నోరు మూసుకోవడం అంతకంటే పెద్ద తప్పయ్యేది. కానీ హెచ్చరిక వెళ్లినంత వేగంగా దిద్దుబాటు వెళ్లదు. ఈ మందు గర్భానికి చేటన్న మాట ఇంకా నోళ్లలో నానుతూనే ఉంది. ఇమ్యూనిటీని తగ్గించే మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్ విషయంలో మాత్రం ఆ మాట అక్షరాలా నిజం. గర్భం కోరుకునేవాళ్లు ఆ రెండిటినీ ముందే ఆపి, డాక్టరు చెప్పినంత కాలం ఆగాలి.

ఏళ్ల మీద తేలేవి

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. రెండేళ్లకే, 1950లో, దీనికి నోబెల్ వచ్చింది. బహుమతి అందేనాటికే ఉబ్బిన ముఖాలు, చెదిరిన మనసులు డాక్టర్లకు కనిపించడం మొదలైంది.

స్టెరాయిడ్ అంత తొందరగా మేలు చేసే మందు ఇంకొకటి లేదు, అంత ఓపిగ్గా వసూలు చేసుకునేదీ లేదు. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసొలోన్ మధ్యాహ్నం, సాయంత్రం షుగర్‌ను పెంచుతుంది. పరగడుపు షుగర్ మాత్రమే చూసుకునేవాళ్లకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఎముకల సాంద్రత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే అన్నిటికంటే వేగంగా తగ్గుతుంది. కాబట్టి ఎముకల సంగతి తర్వాత చూద్దామనుకునే లోపే సగం నష్టం జరిగిపోతుంది. కంట్లో శుక్లాలు, గ్లాకోమా నెమ్మదిగా వస్తాయి. తుంటి ఎముక తలకు రక్తం అందక కుళ్లిపోవడం అరుదే గానీ, గజ్జల్లో విడవని నొప్పిని నడుము నొప్పనుకుని ఏళ్లు గడిపేసినవాళ్లు ఉన్నారు.

హైడ్రాక్సీక్లోరోక్విన్‌ది ఇంకా నిదానం. లూపస్‌లో ఇంతకంటే మేలు చేసే మందు అరుదు. రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటకపోతే ఐదేళ్లలో కంటి రెటీనా దెబ్బతినే ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువ, పదేళ్లలో రెండు కంటే తక్కువ. ఇరవై ఏళ్లు దాటితే ఇరవై దగ్గరికి చేరుతుంది. చూపు తగ్గినట్టు తెలిసేసరికి దెబ్బ పడిపోయి ఉంటుంది, అది తిరిగి రాదు. మొదట్లో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా ఓసారి చేసే కంటి పరీక్ష చూపు బాగున్నవాళ్ల కోసమే.

హెచ్‌ఐవీ వైపు ఏళ్ల మీద తేలేది టెనోఫోవిర్ పాత రూపం, టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్. మొదట్లో చెప్పిన కిడ్నీ గొట్టాల సంగతి, దానితోపాటు ఎముకల సాంద్రత కొద్దిగా తగ్గడం. 2015లో వచ్చిన టెనోఫోవిర్ అలాఫెనమైడ్ కణం లోపలికి వెళ్లాక విడివడుతుంది కాబట్టి రక్తంలో మందు మోతాదు దాదాపు 90 శాతం తగ్గింది. కిడ్నీకీ ఎముకకూ ఊపిరి తీసుకునే వీలు దొరికింది. బదులుగా కొలెస్టరాల్, బరువు కాస్త పెరుగుతాయి. డోలుటెగ్రావిర్‌తో కూడా బరువు పెరుగుతుంది, ఆడవాళ్లలో మరీ ఎక్కువ. ఇందులో కొంత భాగం చిక్కిపోయిన మనిషి కోలుకోవడం. కొంత భాగం, ఎఫావిరెంజ్, పాత టెనోఫోవిర్ బరువును తొక్కిపెట్టి ఉంచడం, వాటిని తీసేయగానే అది లేవడం. అవన్నీ తీసేసినా ఇంకొంత మిగులుతుంది. దాని కారణం మీద ఇంకా వాదన నడుస్తోంది.

రెండు మందులు ఎదురుపడితే

ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండే మందులు జతపడితే తీరు మారుస్తాయి. రిటోనావిర్ అనే హెచ్‌ఐవీ మందును ఇప్పుడు మందుగా కంటే మరో మందును రక్తంలో ఎక్కువసేపు నిలబెట్టే ఊతగా ఇస్తారు. లివర్‌లో మందులను విరిచేసే ఎంజైమును అది కట్టిపడేస్తుంది. ఆస్తమా ఇన్‌హేలర్‌లోనో ముక్కు స్ప్రేలోనో ఉండే ఫ్లుటికాసోన్ మామూలుగా ఒంటికి పట్టదు, లివర్ ఊడ్చేస్తుంది. రిటోనావిర్ ఉంటే ఊడ్చేవాళ్లుండరు. ముక్కులో కొట్టుకునే స్ప్రేతో ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి, నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగినవాళ్లలా తయారైనవాళ్ల కేసులు వైద్యపత్రికల్లో ఎన్నో ఉన్నాయి. స్ప్రే గురించి డాక్టరుకు చెప్పాలని ఎవరికి తోస్తుంది? అది మందు లెక్కలోకే రాదు.

మెథోట్రెక్సేట్ విషయంలో రెండు గోతులున్నాయి. మొదటిది రోజు. కీళ్లవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్కసారే. చీటీలో ‘వారానికోసారి’ అని రాసి ఉన్నా, మిగతా మాత్రలన్నీ రోజూ మింగే అలవాటులో ఇదీ రోజూ మింగితే ఎముక మూలుగ ఎండిపోతుంది, నోరంతా పుండ్లవుతుంది. చనిపోయినవాళ్లూ ఉన్నారు. చీటీ మీద ‘సోమవారం’ అని వారం పేరే రాయడం, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ అని విడిగా రాయడం చిన్న పనే అయినా నూరు హెచ్చరికల కంటే మేలు. రెండో గొయ్యి కోట్రైమోక్సజోల్. సీడీ4 తగ్గిన హెచ్‌ఐవీ రోగిని న్యుమోనియా నుంచి కాపాడే ఈ చౌక మాత్ర, మూత్రంలో మంటకు కూడా ఇచ్చే మందు. ఇదీ మెథోట్రెక్సేటూ రెండూ ఫోలిక్ యాసిడ్ దారినే కొడతాయి, పైగా మెథోట్రెక్సేట్ బయటికి పోకుండా ఇది అడ్డుపడుతుంది. ఒకరికి ప్రాణదాత, ఇంకొకరికి వారం రోజుల్లో గండం.

అజాథయోప్రిన్‌ను 1957లో గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేశారు. గౌట్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్ కూడా వాళ్ల ప్రయోగశాలలోదే. 1988లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఏజెడ్‌టీని బజారుకు తెచ్చిన బరోస్ వెల్‌కమే వాళ్ల కంపెనీ. ఒకే కప్పు కింద పుట్టిన ఆ రెండు మందులకు పడదు. అజాథయోప్రిన్‌ను విరిచే ఎంజైమును అల్లోప్యూరినాల్ ఆపేస్తుంది, మోతాదును నాలుగో వంతుకు తగ్గించకుండా కలిపి ఇస్తే తెల్లకణాలు కుప్పకూలుతాయి.

చిన్నవి కూడా కొన్ని ఉన్నాయి. డోలుటెగ్రావిర్‌ను ఐరన్, కాల్షియం బిళ్లలు కడుపులోనే పట్టేసుకుంటాయి. వాటికి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి, లేదా అన్నీ భోజనంతో కలిపి వేసుకోవాలి. టీబీ మందు రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు కావాలి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ను డోలుటెగ్రావిర్ రక్తంలో పెంచుతుంది కాబట్టి రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు.

ఆపేస్తే

సైడ్ ఎఫెక్టులకు భయపడి మధ్యమధ్యలో ఆపి వాడితే ఎలా ఉంటుందన్న ప్రశ్నకు జవాబు ఊహ మీద ఆధారపడి లేదు. స్మార్ట్ అనే అధ్యయనంలో 5,472 మందిని రెండు భాగాలు చేసి, ఒకరికి మందు ఆపకుండా, ఇంకొకరికి సీడీ4 బాగుంటే ఆపి, పడిపోతే మళ్లీ మొదలుపెట్టి చూశారు. ఆపినవాళ్లలో జబ్బు, చావు రెట్టింపు దాటడంతో 2006లో దాన్ని అర్ధాంతరంగా ముగించారు. అందరినీ ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. గుండె, కిడ్నీ, లివర్ జబ్బులు మందుల వల్లే వస్తాయని, ఆపితే తగ్గుతాయని అనుకున్నారు. ఆపినవాళ్లలోనే అవి ఎక్కువ కనిపించాయి. మందు చేసే దానికంటే వదిలేసిన వైరస్ రేపే మంట ఆ అవయవాలను ఎక్కువ కాల్చింది.

హెపటైటిస్-బి కూడా ఉన్నవాళ్లు టెనోఫోవిర్, లామివుడిన్ ఉన్న మాత్ర ఆపితే అణిగి ఉన్న ఆ వైరస్ లేచి లివర్ మీద పడుతుంది. నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవాళ్ల అడ్రినల్ గ్రంథి తన పని మరచిపోయి ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి స్పృహ తప్పవచ్చు. మెల్లగా తగ్గించడమంటే ఆ గ్రంథిని నిద్రలేపడం.

ఇప్పుడు వస్తున్న దీర్ఘకాల హెచ్‌ఐవీ ఇంజెక్షన్లతో ఈ లెక్క ఇంకో మలుపు తిరిగింది. రెండు నెలలకోసారి ఇచ్చే కాబోటెగ్రావిర్ ఆపేశాక కూడా ఏడాది, అంతకు మించి రక్తంలో జాడగా మిగులుతుంది. మాత్రైతే సైడ్ ఎఫెక్ట్ వచ్చిన పూట మానేయవచ్చు, కండలోకి వెళ్లిన మందును వెనక్కి లాగలేం. అందుకే కొందరు డాక్టర్లు ముందు ఒక నెల అదే మందును మాత్రగా ఇచ్చి పడుతుందో లేదో చూస్తారు. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే లెనాకాపావిర్‌తో ఎక్కువమంది చెప్పే ఇబ్బంది సూది గుచ్చినచోట ఒక చిన్న గడ్డ. పైకి కనిపించకపోవచ్చు, వేలితో తడిమితే తెలుస్తుంది, తగ్గడానికి నెలలు పడుతుంది. ఆరు నెలలకు సరిపడా మందు నిల్వ ఉండేదీ అక్కడే.